వైకుంఠపాళి పటం మీద తెలుగు

నమస్కారం అండీ. అట్లాంటాకు ఉత్తరాన ఉన్న ఆల్ఫారెట్టాలో, మా ఇంటి భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఈ వీడియో తీస్తున్నాను. ఈ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు కొదవ లేదు, తెలుగు నేర్పే వారాంతపు తరగతులకూ కొదవ లేదు. అయినా చాలా ఇళ్ళలో వరస ఒక్కటే: అమ్మానాన్నలు తెలుగులో అడుగుతారు, పిల్లలు ఇంగ్లీషులో జవాబు చెబుతారు. తెలుగు మాట్లాడితే తప్ప పని జరగదనే పరిస్థితి పిల్లలకు రోజు మొత్తంలో ఒక్కసారి కూడా ఎదురుకాకపోవడమే ఇందుకు ముఖ్య కారణమని నా అభిప్రాయం. బలవంతం లేకుండా ఆ పరిస్థితిని కల్పించే శక్తి ఆటకూ కథకూ ఉందని మా ఇంట్లో చూశాను కాబట్టి, ఈరోజు వాటి గురించే మాట్లాడతాను.

బల్ల మీద మీకు కనిపిస్తున్నది వైకుంఠపాళి పటం. మా అమ్మ గుంటూరు నుంచి వచ్చేటప్పుడు నలిగిపోకుండా చీరల మధ్య పెట్టి తెచ్చింది. పాముల పక్కన రాక్షసుల పేర్లు, నిచ్చెనల పక్కన సుగుణాల పేర్లు, అన్నిటికీ పైన వైకుంఠం ఉన్నాయి. ఇక్కడి పిల్లలందరికీ దీని తోబుట్టువు ష్యూట్స్ అండ్ ల్యాడర్స్ అనే పేరుతో తెలుసు. మన దేశపు ఆట పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇంగ్లండుకు చేరింది. 1943లో మిల్టన్ బ్రాడ్లీ సంస్థ పాములను తీసేసి, వాటి స్థానంలో జారుడుబల్లలు పెట్టి అమెరికాలో విడుదల చేసింది. స్నేహితురాలి ఇంట్లో తాను ఆడే ఆటకు మూలం అమ్మమ్మ తెచ్చిన పటంలో ఉందని తెలిసిన మర్నాడే మా అమ్మాయి ఆ పటాన్ని బడికి పట్టుకెళ్ళి అందరికీ చూపించింది. తెలుగు మన సంస్కృతి అని నేను ఎన్నిసార్లు చెప్పినా కలగని గర్వం ఆరోజు ఆమె ముఖంలో కనిపించింది.

ఆడేటప్పుడు మేము పెట్టుకున్న నియమం ఒకటుంది. కాయ ముప్పై ఆరులో ఉండగా నాలుగు పడితే, "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అంటూ జరపకూడదు; గడిలో ఉన్న అంకెను చదువుతూ "ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై" అంటూ జరపాలి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి చేసి 2008లో ప్రచురించిన అధ్యయనం చదివాక నాకు ఈ ఆలోచన వచ్చింది. ఒకటి నుంచి పది వరకు అంకెలు వరుసగా ఉన్న పటం మీద, రెండు వారాల వ్యవధిలో నాలుగుసార్లు, ఒక్కోసారి సుమారు పావుగంట ఆడిన చిన్నపిల్లలకు అంకెల మీద పట్టు పెరిగింది. అంకెలకు బదులు రంగులున్న పటం మీద ఆడినవారిలో ఆ మార్పు రాలేదు. వారు పరీక్షించింది లెక్కలనే గాని భాషను కాదు. అయితే మన పిల్లల్లో చాలామందికి తెలుగు అంకెలు పదితోనో ఇరవైతోనో ఆగిపోతాయి కదా! పాము మింగిన ప్రతిసారీ కిందికి దిగి అరవైలు, డెబ్భైలు మళ్ళీ మొదటినుంచి చదువుకుంటూ రావలసి ఉండటంతో మా అబ్బాయికి అవి కంఠస్థమయ్యాయి.

అష్టాచమ్మాలో మరో మేలు ఉంది: పోట్లాట. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. ఒక గవ్వ బల్ల అంచుకు ఆనుకొని పక్కకు ఒరిగిందంటే ఇక వాదన మొదలవుతుంది. "అది బోర్లా పడలేదు, నువ్వు తొండి చేస్తున్నావు!" "నా కాయ ఇంటూ గడిలో ఉంది అన్నా, చంపకూడదు!" "అమ్మమ్మా, నువ్వే చెప్పు!" తీర్పు చెప్పవలసిన అమ్మమ్మకు ఇంగ్లీషు అంతగా రాదు కాబట్టి, న్యాయం కావాలంటే తెలుగులోనే మొరపెట్టుకోవాలి. పాఠంలో పూర్తి వాక్యం చెప్పమంటే మొహమాటపడే పిల్లలు ఇక్కడ కారణాలు, షరతులు, నిందలు అన్నీ కలిపి గుక్కతిప్పుకోకుండా మాట్లాడతారు.

మార్కులు, స్టిక్కర్లు, చిన్న చిన్న బహుమతులు ఇస్తే సరిపోదా అని కొందరు అడుగుతుంటారు. స్టాన్‌ఫర్డ్‌లోని ఒక శిశు పాఠశాలలో మార్క్ లెప్పర్ బృందం చేసి 1973లో ప్రచురించిన ప్రయోగాన్ని వారికి గుర్తుచేస్తాను. బొమ్మలు వేయడం ముందునుంచే ఇష్టమైన పిల్లల్లో కొందరికి, బొమ్మ వేస్తే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. తర్వాత ఏ బహుమతీ లేని రోజుల్లో ఆ పిల్లలు మిగతావారికన్నా బాగా తక్కువసేపు బొమ్మలు వేశారు. చెప్పకుండా హఠాత్తుగా బహుమతి ఇచ్చిన పిల్లల్లో మాత్రం ఇష్టం తగ్గలేదు. ఆటలో గెలుపు ఆటకు బయట ఉండదు. అందుకే దానికోసం పిల్లలు ఎంత కష్టమైనా పడతారు.

ఇక కథల సంగతి. అమ్మమ్మ కథ చెబుతుంటే పిల్లలు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథా ఆగుతుంది. ఆమె గుంటూరు వెళ్ళిపోయాక వీడియో కాల్‌లోనూ ఇదే పద్ధతి సాగుతోంది. రాజులు, రాక్షసుల కథలకన్నా మా పిల్లలు మళ్ళీమళ్ళీ అడిగేది ఇంటి కథలే. మాకు దగ్గర్లోనే ఉన్న ఎమరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ విషయాన్నే పరిశోధించారు. మీ అమ్మానాన్నలు ఎక్కడ పెరిగారు, వారికి పరిచయం ఎలా అయింది వంటి 20 ప్రశ్నలు పిల్లలను అడిగి చూస్తే, కుటుంబ చరిత్ర ఎక్కువగా తెలిసిన పిల్లల్లో ఆత్మగౌరవమూ, తమ జీవితం తమ చేతుల్లో ఉందనే నమ్మకమూ ఎక్కువగా కనిపించాయి.

మన ఎన్నారై ఇళ్ళలో తరచు వినిపించే కథ ఒక్కటే: కష్టపడి చదివాం, వీసా వచ్చింది, ఇల్లు కొన్నాం. ఆ కథ విన్న పిల్లవాడికి ఓడిపోవడానికి చోటే ఉండదు. తెల్లదోమ పట్టి పత్తి మొత్తం పోయిన ఏడాది తాతయ్య ఎద్దులను అమ్ముకున్న సంగతి, ఆ తర్వాత అమ్మమ్మ కుట్టుమిషన్ పెట్టుకుని ఇంటిని నడిపిన సంగతి కూడా వారికి తెలియాలి. పడి లేచిన మనుషుల కుటుంబంలో తామూ ఒకరమని వారికి అప్పుడే తెలుస్తుంది.

ఈ కథలు విన్నాకే పిల్లలు సొంత వైకుంఠపాళి గీయడం మొదలుపెట్టారు. తెల్లదోమ పెద్ద పాము, కుట్టుమిషన్ నిచ్చెన. పేర్లన్నీ తెలుగులోనే రాస్తున్నారు. "ష" ఎలా రాయాలని నన్ను వచ్చి అడిగారు, నేనుగా నేర్పలేదు. అమెరికా రావడాన్ని నిచ్చెనగా గీయాలని అబ్బాయి అంటాడు. అమ్మమ్మకు దూరమయ్యాం కాబట్టి అక్కడ పాము కూడా ఉండాలని అమ్మాయి పట్టుబడుతోంది. ఆదివారం కాల్‌లో అమ్మమ్మ తీర్పు చెప్పాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. పటం పూర్తయ్యాక వచ్చే వీడియోలో ఆడి చూపిస్తాం.