హైదరాబాద్ ఆర్జేల నోరు నొక్కింది ఎవరు?

నమస్తే అందరికీ. ఈ మధ్య ఎవర్ని కదిలించినా ఒకటే మాట. ఎఫ్ఎం పెడితే సోది, ఆర్జేలకి సరుకు లేదు, హైదరాబాద్‌లో రేడియో పని అయిపోయింది అని. ఆగండి. తిట్టాల్సింది ఆర్జేలని కాదు. వాళ్ళ దగ్గర సరుకుంది. ఆ సరుకు బయటపెట్టే హక్కు వాళ్ళకి లేదు!

ప్రైవేట్ ఎఫ్ఎంలో వార్తలు చెప్పకూడదు, వర్తమాన వ్యవహారాలు చర్చించకూడదు. లైసెన్సులోనే ఉంది ఈ షరతు. పంజాగుట్టలో ట్రాఫిక్ ఆగిపోయింది అని చెప్పొచ్చు. ఎందుకు ఆగిపోయింది, నాలా మీద బిల్డింగ్ ఎవడు కట్టాడు, పర్మిషన్ ఎవరిచ్చారు అని అడగాలంటే మాత్రం ఆర్జే గుండెలు చిక్కబట్టుకోవాలి. అది వర్తమాన వ్యవహారం కిందకొస్తే స్టేషన్‌కే ఎసరు. ఎక్కడ అని చెప్పు, ఎందుకు అని అడగకు. మొత్తం కథ ఇదే. ఈ ఒక్క రూలే మన ఊరి రేడియోని నాశనం చేసింది, ఎవరేమన్నా నేనిదే అంటా.

ఇప్పుడు టీవీ చూడండి. టీవీ9 వచ్చింది 2004లో. తర్వాత ఎన్ని న్యూస్ ఛానళ్ళు పుట్టాయో లెక్కలేదు, పొద్దస్తమానం చర్చలే. పేపర్ రాయొచ్చు, టీవీ అరవొచ్చు, ఈ వీడియోలో నేను ఏ మంత్రినైనా ప్రశ్నించొచ్చు. 2006లో మన ఊరికి రేడియో సిటీ, మిర్చి వచ్చాయి కదా, వాళ్ళు మాత్రం అప్పట్నుంచి పాటకి పాటకి మధ్య జోకులేసుకోవాలి. ఇదెక్కడి న్యాయం?

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పిచ్చింది. ప్రజల ఆస్తిలో ప్రజల సమస్య మాట్లాడకూడదట! 2011లో ప్రైవేట్ ఎఫ్ఎంలకి ఫేజ్ త్రీ అని మూడో విడత పాలసీ తెచ్చి ఏదో సడలించామన్నారు. ఏం సడలించారు? ఆకాశవాణి బులెటిన్‌ని ఒక్క అక్షరం మార్చకుండా మళ్ళీ వినిపించుకోవచ్చు, అంతే. ట్రాఫిక్, వాతావరణం, పరీక్షలు, ఆటల సమాచారం వీటిని వార్తలు కాదనుకుందాంలే అన్నారు. సొంత రిపోర్టర్ కుదరదు, సొంత ప్రశ్న కుదరదు.

మాటకారితనం మన ఊరికి కొత్త కాదు. ఇది చాలామందికి తెలీదు, కొంచెం వినండి. మన దగ్గర రేడియో మొదలుపెట్టింది సర్కారు కాదు. మహబూబ్ అలీ అనే తపాలా శాఖ ఉద్యోగి చిరాగ్ అలీ లేన్‌లో 200 వాట్ల చిన్న స్టేషన్ పెట్టుకున్నాడు. 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని చేతిలోకి తీసుకుంది, అదే దక్కన్ రేడియో. ఉర్దూ మెయిన్, పక్కన తెలుగు, మరాఠీ, కన్నడం. 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో కలిసింది.

మధ్యలో 1948 సెప్టెంబర్ 17 ఉంది చూశారా, నా థియరీ అంతా అక్కడే. భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చిన పోలీస్ యాక్షన్ ఐదో రోజు. సాయంత్రం ఏడో నిజాం రేడియో మైకు ముందుకొచ్చాడు. భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్ కె.ఎం. మున్షీ పట్టుబట్టి మాట్లాడించాడు. అసెంబ్లీ లేదు, బహిరంగ సభ లేదు. ఒక మైకు, ఒక గొంతు. ఒక రాజ్యం లొంగిపోయిందని జనానికి తెలిసింది రేడియోలో! ఆ సాయంత్రం మైకు దెబ్బ ఏంటో చూసిన పాలకులు ఆ మైకుని బయటివాళ్ళ చేతిలో ఎందుకు పెడతారు? పేపర్ చదవాలంటే చదువు రావాలి, టీవీ చూడాలంటే కూర్చోవాలి. రేడియో అలా కాదు, ఆటో నడుపుతూ, టీ కాస్తూ, మిషన్ కుడుతూ వింటారు. అందుకే భయం. ఇది నా నమ్మకం, మీరు ఒప్పుకోకపోయినా సరే.

సర్కారు రేడియో కదా, అందులో మాటకి ఏం స్వేచ్ఛ ఉంటుందిలే అంటారేమో. మీ ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర చిన్నక్క పేరెత్తి చూడండి! హైదరాబాద్ కేంద్రం కార్మికుల కార్యక్రమంలో చిన్నక్కగా రతన్ ప్రసాద్, రాంబాబుగా డి. వెంకట్రామయ్య. పెద్ద పెద్ద ఉపన్యాసాలు కావు. కూర్చుని కబుర్లు చెప్పుకున్నట్టే ఉంటుంది, ఆ కబుర్లలోనే పనివాడికి పనికొచ్చే సంగతి దొర్లిపోతుంది. టాక్ షో అని ఇవాళ మనం గొప్పగా పిలుస్తున్నది ఇదే. వాళ్ళు ఎప్పుడో చేసి చూపించారు, అదీ మీడియం వేవ్‌లో, గరగర మధ్యలో!

అదే వెంకట్రామయ్య గారు వార్తలూ చదివేవారు. తిరుమలశెట్టి శ్రీరాములు, మాడపాటి సత్యవతి... ప్రాంతీయ వార్తలు చదువుతున్నది అనగానే పేరు మనమే పూర్తి చేసేవాళ్ళం. ఒక్కొక్కరి గొంతు ఒక్కో తీరు. శారదా శ్రీనివాసన్ గారి నాటకాలు విన్నవాళ్ళైతే మనిషి ముఖం ఎప్పుడూ చూడకపోయినా ఆ గొంతుని మర్చిపోరు. సినిమా స్టార్లకి ఏం తీసిపోయారు వీళ్ళు? ఈ ఊళ్ళో ఒక్క కూడలికైనా వీళ్ళలో ఒకరి పేరు పెట్టాలని ఎవరికైనా తోచిందా? నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

ఇంకోటి. హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్ల దూరంలో జహీరాబాద్ దగ్గర మాచునూరు. 2008 అక్టోబర్ 15న అక్కడ సంఘం రేడియో మొదలైంది, 90.4 ఎఫ్ఎం. నడిపేది దళిత మహిళలు. వాళ్ళలో జనరల్ నర్సమ్మ అనే ఆమె మైకు పట్టుకుని తన ఊరి యాసలో జొన్నలు, విత్తనాలు, పండుగలు, పాటలు అన్నీ మాట్లాడింది. కార్పొరేట్ డబ్బు లేదు, సెలబ్రిటీ లేడు. అయినా ఆ రేడియో గురించి తెలుసుకోవాలని విదేశాల నుంచి వచ్చారు. ఇలా ఊరివాళ్ళే నడుపుకునే కమ్యూనిటీ రేడియోకీ వార్తల మీద అదే కట్టడి. పొలంలో పంట ఎండిపోతే విత్తనం గురించి మాట్లాడొచ్చు. బీమా డబ్బు ఎందుకు రాలేదని చర్చ పెట్టాలంటే? మళ్ళీ అదే గోడ!

మన సిటీ ఆర్జేలు ఏమయ్యారో చూడండి. ఆర్జే కాజల్ బిగ్ బాస్ ఐదో సీజన్‌కి వెళ్ళింది. ఆరో సీజన్‌కి ఆర్జే సూర్య, ఎనిమిదో సీజన్‌కి శేఖర్ బాషా. వాళ్ళ తప్పు అస్సలు లేదు. మాటే ప్రాణంగా బతికే మనిషికి రేడియోలో మాట్లాడే జాగా ఇవ్వకపోతే ఎక్కడ జాగా దొరికితే అక్కడికి పోతాడు. నష్టం మనకి. పొద్దున ఆఫీసుకి పోయేటప్పుడు మన కాలనీ సంగతి, మన బస్సు సంగతి మన భాషలో అడిగిపెట్టాల్సిన గొంతులవి.

2023 సెప్టెంబర్‌లో ట్రాయ్, అదే టెలికాం నియంత్రణ సంస్థ, ఒక సిఫార్సు చేసింది. ప్రైవేట్ ఎఫ్ఎంలకి గంటకి 10 నిమిషాలు వార్తలు, వర్తమాన వ్యవహారాలు ఇవ్వండి అని. గంటకి పది నిమిషాలు! అడుక్కునే పరిస్థితి. అది కూడా సిఫార్సే, ప్రభుత్వం పాటించి తీరాలని లేదు. అబద్ధాలు ప్రచారమైపోతాయి అని భయపెడతారు. ఫోన్‌లో ఏ పేరూ ఊరూ లేని ఫార్వర్డులు తిరుగుతుంటే ఆపలేని వాళ్ళు, అడ్రసు, లైసెన్సు, జరిమానా అన్నీ ఉన్న స్టేషన్‌ని చూసి భయపడుతున్నారా?

నాకైతే ఆ పది నిమిషాలు చాలు. పొద్దున ఎనిమిదింటికి ఒక ఆర్జే, పక్కన ఒక జలమండలి అధికారి, లైన్లో మల్కాజిగిరి నుంచి ఒక అక్క, టోలిచౌకి నుంచి ఒక ఆటో అన్న. మా గల్లీలో నీళ్ళు ఎందుకు రాలేదు అని ఆమె అడగాలి, అధికారి లైవ్‌లో జవాబు చెప్పాలి, వారం తర్వాత అదే ఆర్జే అదే అక్కకి మళ్ళీ ఫోన్ చేసి నీళ్ళొచ్చాయా అని కనుక్కోవాలి. ఇందులో దేశానికి వచ్చే ముప్పేంటో నాకు ఎవరైనా చెప్పండి. మీ ఇంట్లో చిన్నక్కని విన్న పెద్దవాళ్ళుంటే ఈ వీడియో వాళ్ళకి పెట్టి చూపించండి, వాళ్ళు ఏమన్నారో కింద రాయండి. ఒక్కొక్కటీ చదువుతా.