అర సెకను ఆలస్యం గురించి నాలుగు మాటలు

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, భోజన విరామం తర్వాత కూడా కళ్ళు తెరిచి కూర్చున్న ప్రోగ్రామర్ మిత్రులకు నమస్కారం. నన్ను పరిచయం చేసిన మిత్రుడు వాడిన విశేషణాల్లో సగం కొట్టేయండి. మిగిలినవి కూడా మొహమాటంతో అన్నవే. నిర్వాహకులు నాకిచ్చిన అంశం "కృత్రిమ మేధ కాలంలో ప్రోగ్రామర్ భవితవ్యం". వస్తాను, తప్పకుండా వస్తాను. ముందు కడుపులో ఉన్న మాట ఒకటి చెప్పేస్తాను.

ఉదయం నుంచి ఈ హాల్లో బాగా నవ్వాం. మన వృత్తిలో వార్త వెంట జోకు రావడం ఆనవాయితీ. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక ఫైలు దెబ్బకు సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెర చూపించి కూలబడ్డాయి. అది శుక్రవారం. "శుక్రవారం రిలీజు చేయవద్దంటే విన్నారా?" అని మనవాళ్ళు అందుకున్నారు. తర్వాత బయటపడిన కారణం చూడండి: 21 విలువలు వస్తాయని ఒకచోట రాసుకున్నారు, అందినవి 20. కంప్యూటర్ శాస్త్రంలో కష్టమైనవి రెండేనని ఫిల్ కార్ల్‌టన్ అన్నాడు: క్యాష్ అనే తాత్కాలిక నిల్వలో పాతబడిన సరుకు ఎప్పుడు పారేయాలో తెలుసుకోవడం, పేర్లు పెట్టడం. ఒకటి ఎక్కువో తక్కువో లెక్కపెట్టడం కూడా ఆ రెండింటిలోనే ఉందని తర్వాత ఎవరో తగిలించారు. ఆ తగిలింపు జోకే ఆ శుక్రవారం విమానాలను ఆపింది.

జోకుల మీద నాకు పగ లేదు. 1990 ఏప్రిల్ 1న ఇంటర్నెట్ ప్రమాణాల వరుసలో 1149వ నంబరుతో ఒక పత్రం వచ్చింది. డేటాను పావురాల కాళ్ళకు కట్టి పంపే పద్ధతి అందులో నియమాల ప్రకారం వివరించారు. 2001లో నార్వేలోని బెర్గెన్‌లో కొందరు నిజంగానే పావురాలను ఎగరేశారు. తొమ్మిది ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, పంపితే నాలుగింటికి జవాబు వచ్చింది. ఆ పత్రం రాసినవాడూ కష్టపడ్డాడు, చదివి నవ్వినవాళ్ళూ కష్టపడ్డారు. ఇప్పుడు నవ్వగానే పని అయిపోయినట్టు లేచిపోతున్నాం. నా ఫిర్యాదంతా అదే.

ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్ కథ మీకు తెలుసు. తెలిసినా చెబుతాను, వెనక్కి వాలకండి.

2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్, డెబియన్ అనే లినక్స్ రకం నడిచే తన యంత్రం మీద వేగం కొలతలు తీసుకుంటున్నాడు. కొలతలు నిలకడగా రావాలని మిగతా పనులన్నీ అణిచిపెడుతుంటే, దూరం నుంచి లాగిన్ అవ్వనిచ్చే ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ప్రాసెసర్‌ను తెగ తింటోంది. ఆ వస్తున్న లాగిన్‌లన్నీ తప్పుడు పేర్లతో వస్తున్నవి, గుమ్మంలోనే పంపేయాల్సినవి. వాటికి ఇంత ఆయాసం ఎందుకు? సమయం కొలిచాడు. ముందు 0.299 సెకన్లు పట్టేది, ఇప్పుడు 0.807. అర సెకను! మీరూ నేనూ అయితే నెట్‌వర్క్ మీద నేరం మోపి టీ తాగడానికి వెళ్ళేవాళ్ళం. ఆయన తవ్వాడు. తవ్వగా తవ్వగా ఎక్స్‌జెడ్‌లోని లిబ్‌ఎల్‌జెడ్‌ఎమ్‌ఏ అనే కుదింపు లైబ్రరీ (వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడు) దగ్గర తేలాడు. యంత్రంలో సేవలను నడిపించే సిస్టమ్‌డి చేతిమీదుగా అది ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌లోకి వస్తోంది. ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 రిలీజుల్లో దొంగ తలుపు ఉంది. అసలు సరుకును పరీక్షల కోసం పెట్టిన ఫైళ్ళలో దాచారు. పాడైన ఫైలు అని పేరులోనే ఉంటే ఎవరు విప్పి చూస్తారు? దాన్ని బయటికి లాగే స్క్రిప్టు ముక్క అందరూ చూసే గిట్ కోడు నిల్వలో లేదు, రిలీజు మూటలో మాత్రమే ఉంది. తాళంచెవి ఉన్నవాడు ఆ యంత్రంలో ఏ ఆజ్ఞ అయినా నడిపించుకోవచ్చు. మార్చి 29న ఫ్రాయిండ్ దీన్ని లోకానికి చెప్పాడు. అప్పటికి డెబియన్, ఫెడోరా అనే లినక్స్ రకాల ప్రయోగ శాఖల్లోకి చేరిపోయింది. స్థిరమైన శాఖల్లోకి దిగలేదు కాబట్టి బతికిపోయాం.

ఆ వారమంతా జోకులే. ఇలా వేగం కొలిచే బెంచ్‌మార్కు పిచ్చివాళ్ళకు గుడి కట్టాలన్నారు. సరే, కట్టండి. కానీ కథ మొదలైంది ఆ అర సెకను దగ్గర కాదు. ఆ లైబ్రరీని ఏళ్ళ తరబడి చూసుకుంటున్నది లాస్సె కొలిన్ అనే ఒక్క మనిషి. 2022లో ఎవరూ ఎరగని పేర్లతో కొందరు వచ్చి, ప్యాచ్‌లు, అంటే మేం పంపిన కోడు సవరణలు, ఎందుకు చూడటం లేదు, ఇంకెవరికైనా అప్పగించండి అని పోరు పెట్టారు. ఆసక్తి పోలేదు, చాలాకాలంగా మానసిక ఆరోగ్యం బాగాలేక పట్టించుకునే శక్తి తగ్గింది, ఇది జీతం లేని సొంత ఇష్టపు పని అని గుర్తుంచుకోండి. ఇదీ ఆయన ఇచ్చిన జవాబు సారాంశం. ఆ జవాబు బహిరంగంగానే ఉంది. కోటానుకోట్ల యంత్రాల్లో ఉన్న లైబ్రరీ అది. జియా టాన్ అనే పేరుతో ఒకరు 2021 నుంచి ఓపికగా ప్యాచ్‌లు పంపుతూ, మర్యాదగా మాట్లాడుతూ ఉన్నారు. చివరికి తాళాలు ఆ చేతికే వెళ్ళాయి. ఆ పేరు వెనక ఎవరున్నారో నేటికీ తేలలేదు.

ఒక్కసారి ఆలోచించండి. అలిసిపోయిన ఆ మనిషికి ఏళ్ళ తరబడి సాయపడింది ఎవరయ్యా అంటే, దొంగ! మనమంతా ఏం చేస్తున్నాం? అప్‌డేట్ నొక్కుతున్నాం.

చేతులెత్తండి చూద్దాం. మీ ప్రాజెక్టు ఆధారపడిన లైబ్రరీల జాబితా చివరిదాకా చదివినవారు? వెనక వరుసలో ఒకరు. మీరు భద్రతా విభాగమా? అనుకున్నాను, కూర్చోండి.

2016లో లెఫ్ట్‌ప్యాడ్ గొడవ అయినప్పుడే కళ్ళు తెరవాల్సింది. 11 లైన్ల కోడు, అక్షరాలకు ఎడమవైపు ఖాళీలు చేర్చడమే దాని పని. రాసినాయనకు కోపం వచ్చి తీసేస్తే ప్రపంచమంతటా బిల్డులు, అంటే ప్రోగ్రాముల తయారీ, పడిపోయాయి. అప్పుడూ నవ్వాం.

డేనియల్ స్టెన్‌బర్గ్ సంగతి చెప్పకుండా దిగను. నెట్ మీద డేటాను తెచ్చి పంపే కర్ల్ ఆయనది, 1998 నుంచి నడుస్తోంది. మీ ఫోనులో ఉంది, టీవీలో ఉంది, కారులో ఉంది. కారులో లైసెన్సుల తెర మీద ఆయన ఈమెయిల్ కనిపిస్తుంది కాబట్టి, కారు తెర మొరాయిస్తే కొందరు ఆయనకే రాస్తారు. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జె అనే లైబ్రరీలో లోపం బయటపడ్డాక ఒక పెద్ద సంస్థ నుంచి ఆయనకు ఉత్తరం వచ్చింది. మీ ఉత్పత్తిలో ఆ లోపం ఉందా, 24 గంటల్లో జవాబివ్వండి అని. లాగ్‌ఫోర్‌జె జావాది, కర్ల్ సీ భాషలో రాసింది. పైగా ఆ సంస్థ ఆయనకు పైసా ఇచ్చింది లేదు. సపోర్టు ఒప్పందం మీద సంతకాలయ్యాక సంతోషంగా చెబుతానని ఆయన బదులిచ్చాడు. అట్నుంచి వచ్చిన జవాబు "డేవిడ్ గారూ" అని మొదలైంది. డేనియల్‌ను డేవిడ్ చేశారు! నవ్వండి, ఫరవాలేదు, నేనూ ప్రతిసారీ నవ్వుతాను.

నేను ఒకప్పుడు పనిచేసిన సంస్థలో ఇలాంటి ఒక లైబ్రరీకి ఏడాదికి కొద్దిపాటి సొమ్ము ఇద్దామని బడ్జెట్ సమావేశంలో అడిగాను. ఇన్‌వాయిస్ పంపనివాళ్ళకు డబ్బు ఎలా ఇస్తామని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆ తర్వాతి పద్దు, అదే లైబ్రరీ బొమ్మ ముద్రించిన టీషర్టులు. చర్చ లేకుండా మంజూరైంది. ఆ టీషర్టు ఇంకా నా దగ్గర ఉంది, తుడుపుగుడ్డగా.

అధ్యక్షులవారు చీటీ పంపారు. ఐదు నిమిషాలట. సరే, కృత్రిమ మేధ.

కర్ల్‌లో భద్రతా లోపం కనిపెట్టినవారికి బహుమతి సొమ్ము ఇచ్చే పథకం ఉండేది. కృత్రిమ మేధతో వండిన నివేదికలు వచ్చిపడటం మొదలైంది. లేని ఫంక్షన్లు, జరగని క్రాష్‌లు, చదవడానికి మాత్రం చక్కటి భాష. ప్రతిదాన్నీ ఒక మనిషి కూర్చుని అబద్ధమని తేల్చాలి. 2026 జనవరి చివరితో ఆ పథకాన్ని ఎత్తేశారు. ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఇలాంటి పరికరాలనే ఒళ్ళు దగ్గరపెట్టుకుని వాడిన ఒక పరిశోధకుడు 2025లో పంపిన జాబితాలో నిజమైన లోపాలు బోలెడు దొరికాయని స్టెన్‌బర్గే మెచ్చుకున్నాడు. కాబట్టి కోడు ఎవరు రాస్తారన్న బెంగ నాకు లేదు, గుట్టలుగా వచ్చిపడుతుంది. దాన్ని చదివేవాళ్ళు ఇప్పటికే అలిసిపోయి ఉన్నారు. పనిభారం వెళ్ళి పడేది ఆ కొద్దిమంది మీదే. మీ భవితవ్యం మాటకొస్తే, వాళ్ళ పక్కన కుర్చీలు చాలా ఖాళీగా ఉన్నాయి.

బయట బల్ల మీద ఒక కాగితం పెట్టాను. మీ జీతం ఆధారపడిన చిన్న లైబ్రరీ ఒకదాని పేరు, నెలకు ఎన్ని గంటలు ఇవ్వగలరో రాయండి. ప్యాచ్‌లు రాయనక్కర్లేదు. పాత ఫిర్యాదు ఒకటి తీసుకుని, ఆ బగ్ మీ యంత్రంలో ఇంకా వస్తోందో లేదో చూసి చెప్పినా వాళ్ళకు ఒక సాయంత్రం మిగులుతుంది. మేనేజర్ల కోసం రెండో కాగితం ఉంది, అందులో సొమ్ము రాసే గడి ఒక్కటే ఉంది. ఇన్‌వాయిస్ సంగతి నేను చూసుకుంటాను. పెన్నును దారంతో బల్లకు కట్టాను, లాగకండి.

ప్రశ్నలు? ముందు వరుసలో మీరు, అడగండి.