ఆవు కడుపులో తీగ ముక్క: పశువుల పెద్దాసుపత్రి ఎలా పనిచేస్తుంది?

(దృశ్యం: ఆసుపత్రి గేటు. టాటా ఏస్‌లోంచి ఆవును మెల్లగా దింపుతున్నారు.)

వ్యాఖ్యానం: ఈని పది రోజులైన ఆవు అనుకుందాం. మేత ముట్టట్లేదు, పాలు సగానికి పడిపోయాయి. ఊళ్లో సూదులు వేయించారు. కడుపుబ్బరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. దాంతో పెద్దాసుపత్రికి తోలుకొచ్చారు.

తిరుపతిలో, గన్నవరంలో, రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. మెడిసిన్, సర్జరీ, గైనిక్ వేరువేరు విభాగాలు. ఇక్కడి డాక్టర్లు ఐదున్నరేళ్ల డిగ్రీ చదివి, ఆపైన తమ విభాగంలో పీజీ చేసినవాళ్లు. డిగ్రీలో ఆవు, గేదె, మేక, పంది, కుక్క, కోడి అన్నీ చదవాల్సిందే. మనుషుల డాక్టర్లు ఒక్క జీవితో సరిపెట్టుకుంటారు!

(దృశ్యం: పశువును కదలకుండా నిలబెట్టే ఇనుప పైపుల చట్రం (ట్రావిస్)లో ఆవు. డాక్టర్ కాస్త దూరంలో నిలబడి చూస్తున్నారు.)

వ్యాఖ్యానం: డాక్టర్ వెంటనే ముట్టుకోలేదు, చూశారా? ముందు నిలుచున్న తీరు చూస్తారు. ఈ ఆవు వీపు పైకి వంచి, ముందుకాళ్ల మోచేతులు బయటికి పెట్టి నిలబడింది. ఛాతీ దగ్గర నొప్పి ఉన్న పశువు అలా నిలబడుతుంది.

డాక్టర్: నెమరు ఎప్పట్నుంచి వేయట్లేదమ్మా?
రైతు: నాలుగు రోజులైంది మేడం.
డాక్టర్: పేడ?
రైతు: కొంచెం కొంచెం, గట్టిగా వేస్తోంది.
డాక్టర్: ఇంటి దగ్గర పని ఏమన్నా చేయించారా? కొట్టమో, గోడో?
రైతు: రేకుల షెడ్డు వేయించాం.

వ్యాఖ్యానం: ఆ చివరి ప్రశ్న ఊరికే అడిగింది కాదు. ఆవు మేతను ఏరుకుని తినదు. నాలుకతో చుట్టి గబగబా మింగేసి, తర్వాత తీరిగ్గా నెమరేస్తుంది. గడ్డిలో మేకున్నా, సెంట్రింగ్ తీగ ముక్కున్నా లోపలికి పోతుంది. బరువైన ఇనుము, ఆవుకుండే నాలుగు పొట్టల్లో తేనెపట్టులా గళ్లుగళ్లుగా ఉండే రెండో పొట్టలో చేరుతుంది. ఆ పొట్ట ముడుచుకున్నప్పుడల్లా మొన గోడలో గుచ్చుకుంటుంది. దాని ముందు పలుచని పొర, ఆ పొర అవతలే గుండె. నిండు చూడిలో గర్భసంచి ముందుకు నెట్టడం, ఈనేటప్పుడు ముక్కడం వల్ల తీగ ఇంకా ముందుకు జరగొచ్చు. ఈనిన కొన్నాళ్లకు ఇలాంటి కేసులు బయటపడటానికి ఒక కారణం అదే.

(దృశ్యం: డాక్టర్ ఆవు మూపు దగ్గర చర్మాన్ని గట్టిగా పట్టి నొక్కుతున్నారు.)

వ్యాఖ్యానం: ఇలా నొక్కితే నొప్పి లేని ఆవు వీపును కిందికి వంచుతుంది. ఇది వంచలేదు, మూలిగింది. ఇంత పెద్ద ఆసుపత్రిలో మొదటి ఆధారం చేతివేళ్లకే దొరకడం నాకు భలే నచ్చుతుంది. తర్వాత రక్త పరీక్ష, ఎక్స్‌రే. తీగ తెల్లని గీతలా కనపడుతుంది. గుండె చుట్టూ నీరు చేరిందా అన్నది స్కానింగ్‌లో చూస్తారు. చీము పట్టి, గంగడోలు కింద నీరు దిగితే మాత్రం ఆశ తక్కువ. ఆ మాట డాక్టర్లు రైతుకు దాచకుండా చెప్పేస్తారు, ఖర్చు దండగ కాకుండా.

మన ఆవుకు అంతదాకా రాలేదు. ఆపరేషన్.

(దృశ్యం: నిలబడే ఉన్న ఆవు. ఎడమ డొక్క దగ్గర వెంట్రుకలు గీశారు.)

వ్యాఖ్యానం: అవును, నిలబెట్టే చేస్తారు. పడుకోబెట్టి మత్తిస్తే పెద్ద పొట్టలోని గ్యాస్, మేత ఊపిరితిత్తుల మీద పడతాయి. అందుకే వెన్నెముక పక్కన నరాలకు మత్తు సూది వేసి, ఎడమ డొక్క కోసి, పెద్ద పొట్ట తెరుస్తారు. అందులోంచి రెండో పొట్టను అందుకోవడానికి సర్జన్ చెయ్యి భుజం దాకా లోపలికి పోతుంది. కంటికి ఏమీ కనపడదు, వేళ్లతో తడుముతూ వెతకాలి. ఒక్కోసారి తీగతో పాటు ముద్దలుగా ప్లాస్టిక్ కవర్లూ వస్తాయి.

పక్క విభాగాల్లోకి ఒకసారి తొంగిచూద్దాం. గైనిక్‌లో గర్భసంచి మెలిపడిన గేదెను పడుకోబెట్టి, పొట్ట మీద చెక్క పలక వేసి, దాని మీద మనిషి నిలబడగా దొర్లిస్తున్నారు. మెలి విడిపోతే దూడ బయటికి వస్తుంది. అటు చిన్న జంతువుల ఓపీలో పిడుదుల జ్వరంతో కుక్క, ఇంట్లోవాళ్లు పారాసిటమాల్ వేసిన పిల్లి. పిల్లికి ఆ మాత్ర విషం. దయచేసి వేయకండి.

(దృశ్యం: ట్రేలో తుప్పు పట్టిన తీగ. రైతు దాన్నే చూస్తోంది.)

రైతు: ఇంతేనా మేడం?
డాక్టర్: ఇంతే పెద్దమ్మా. యాంటీబయాటిక్ వేశాం, నేను చెప్పేదాకా పాలు కేంద్రానికి పోయొద్దు.

వ్యాఖ్యానం: ఇంకో పని మిగిలింది. ఆవు పొట్టలో మేతను పులియబెట్టే సూక్ష్మజీవులు ఉపవాసంతో తగ్గిపోయాయి. ఆరోగ్యంగా ఉన్న ఇంకో ఆవు పొట్ట రసం తీసి దీనికి తాగిస్తారు. దాంతో పాటు ఇనుము పట్టే అయస్కాంతం కూడా మింగిస్తే, అది జీవితాంతం రెండో పొట్టలోనే ఉండి, ఈసారి మేకు వస్తే పట్టేస్తుంది.

(దృశ్యం: సాయంత్రం. ఇన్‌పేషెంట్ షెడ్డు. ఆవు దవడ మెల్లగా ఆడుతోంది.)

రైతు: మేడం! నెమరేస్తోంది!