హార్ప్సికార్డ్ జాక్‌లో విరిగిన ప్లెక్ట్రమ్ మార్చే పద్ధతి

నమస్కారం. కీలు నొక్కితే తీగలు మీటబడి పలికే వాయిద్యం హార్ప్సికార్డ్. ఇందులో కీ నొక్కినా స్వరం పలకడం లేదంటే, తీగను మీటే ప్లెక్ట్రమ్ విరిగిందేమో ముందుగా చూడాలి. తీగల పైన అడ్డంగా ఉన్న ఈ జాక్ రైల్‌ను తీసి పక్కన పెట్టి, ఆ కీ తాలూకు జాక్‌ను, అంటే ప్లెక్ట్రమ్‌ను మోసే నిలువు పట్టీని, నిలువుగా పైకి లాగండి. ఒక్కసారికి ఒక్కటే తీయండి, ఎందుకంటే ప్రతి జాక్‌కూ దాని స్థానం దానిదే.

ఇదిగో, జాక్‌లో సన్నని ఇరుసు మీద ఊగుతున్న ఈ ముక్కే నాలుక, ప్లెక్ట్రమ్ గుచ్చి ఉండేది దీనిలోనే. దీని వెనుక ఉన్నది స్ప్రింగు. పాత వాయిద్యాల్లో ఇందుకు పంది వెంట్రుక వాడేవారు. ప్లెక్ట్రమ్‌ను పూర్వం పక్షి ఈక కాడతో చేసేవారు, ఇప్పుడు ఎక్కువగా డెల్రిన్ ప్లాస్టిక్‌తో చేస్తున్నారు. పాత ముక్కను ముందు నుంచి వెనక్కి నెట్టేయండి, కొత్తదాన్ని వెనుక నుంచి బిగుసుకునే దాకా దూర్చండి, వెనుక మిగిలినది కోసేయండి. అంతే.

ఇప్పుడు జాక్‌ను గాడిలో దించి, ప్లెక్ట్రమ్ మొన తీగను వెంట్రుకవాసి మాత్రమే దాటేలా దానిపై గుర్తు గీసుకొని కోయాలి. ఇక్కడ కాస్త ఆగుదాం. కీ వదిలినప్పుడు ప్లెక్ట్రమ్ అడుగుభాగం తీగకు తగులుతుంది, నాలుక వెనక్కి వాలుతుంది, మొన తీగ కిందికి జారుతుంది. అలా జారకపోతే జాక్ తీగపైనే వేలాడిపోతుంది, మరుసటి నొక్కుకు స్వరం పలకదు. చాలామంది వెంటనే స్ప్రింగును సవరించడానికి పూనుకుంటారు, కానీ ముందుగా చూడవలసింది మొననే. కోత మొద్దుగా ఉన్నా, అంచున నూగు మిగిలినా అది తీగకు పట్టుకుంటుంది. అందుకే మొనను అడుగువైపు నుంచి ఏటవాలుగా, ఇదిగో ఇలా, ఒకే కోతతో కోయాలి. తరువాత కీని వీలైనంత నెమ్మదిగా వదిలి చూడండి. చటుక్కున వదిలితే జాక్ వేగమే ఈ లోపాన్ని కప్పేస్తుంది.

బ్లేడు విషయంలో నేను పదకొండో నంబరు సర్జికల్ బ్లేడునే ఇష్టపడతాను. కోత కింద గట్టి చెక్క దిమ్మ ఉంచుకుంటే మొన వంగదు.

స్వరం పక్క స్వరాల కంటే గట్టిగా పలుకుతుంటే, పైభాగం జోలికి పోకుండా, అడుగు నుంచి పల్చని పొర ఒక్కటి గీకి మళ్ళీ వినండి. ఎక్కువ గీకితే మళ్ళీ కొత్త ప్లెక్ట్రమ్ వేయక తప్పదు.

చివరగా, తీగను ఆపే ఈ ఫెల్టు ముక్క తీగపై ఆనాలి గానీ, జాక్‌ను పైకెత్తి పట్టుకోకూడదు. ఎత్తి పట్టుకుంటే ప్లెక్ట్రమ్ తీగ కిందికి దిగదు. అది సరిచూసుకొని జాక్ రైల్‌ను బిగించండి.