గోలీ వేస్తే ఓటు పడినట్టే

అక్క: నమస్తే అండీ. ఈ వారం గాంబియా కబుర్లు. పశ్చిమ ఆఫ్రికాలో గాంబియా నదికి అటూ ఇటూ సన్నగా సాగిన చిన్న దేశం. అక్కడ ఓటంటే గోలీ.

తమ్ముడు: మనం ఆడుకునే గోలీయేనా అక్కా?

అక్క: అదేరా, గాజు గోలీ. వేలికి ఇంకు పెట్టి, చేతిలో ఒక్కటంటే ఒక్క గోలీ పెడతారు. చాటుకు వెళితే వరసగా ఇనప డ్రమ్ములు. అభ్యర్థికో డ్రమ్ము, దానికి పార్టీ రంగు, అభ్యర్థి ఫొటో. పైనున్న గొట్టంలో గోలీ జారవిడిస్తే లోపల గంటకు తగిలి ఠంగుమంటుంది.

తమ్ముడు: గంట ఎందుకు?

అక్క: నాకు భలే నచ్చింది అదే. బయట సిబ్బంది చెవులు రిక్కించి వింటుంటారు. రెండుసార్లు మోగిందా, ఎవరో ఇంకో గోలీ తెచ్చారన్నమాట. అసలు మోగలేదా, గోలీ ఇంకా చేతిలోనే ఉంది. ఓటు పడిందని తెలుస్తుంది, ఎవరికి పడిందో తెలియదు. గోలీ అడుక్కి వెళ్లి మళ్లీ చప్పుడు చేయకుండా ఇసుకో, రంపపు పొట్టో పోసి ఉంచుతారు. సైకిల్ బెల్లు విని పొరబడతారని ఆ చుట్టుపక్కలకు సైకిళ్లు కూడా రానివ్వరు!

తమ్ముడు: మరి లెక్కింపు?

అక్క: 200 గానీ 500 గానీ గుంటలున్న పళ్లేల్లో పోస్తారు. గుంటలు నిండితే లెక్క తేలినట్టే. 22 ఏళ్లు పాలించిన యాహ్యా జమ్మేను 2016లో దించినవి ఈ గోలీలే. మొదట ఓటమి ఒప్పుకుని, తర్వాత అడ్డం తిరిగాడు. పొరుగు దేశాల సైన్యం వచ్చాక 2017 జనవరిలో దేశం విడిచి వెళ్లాడు.

తమ్ముడు: చదువు రానివాళ్ల కోసం పెట్టిన పద్ధతా ఇది?

అక్క: అవును, 1960లలో. మనమూ అలాంటిదే చేశాం కదా! 1951-52 తొలి ఎన్నికల్లో అభ్యర్థికో పెట్టె. కాడెద్దుల పెట్టె, కంకి కొడవలి పెట్టె... కాగితం మీద ముద్ర వేసే పని లేదు, నచ్చిన పెట్టెలో వేసి రావడమే. అప్పుడు మన దేశంలో నూటికి ఎనభై మందికి పైగా చదువు రాదు. అయినా అందరికీ ఓటిచ్చారు. ఆ పని చేసినవాళ్లంటే నాకు చాలా గౌరవం.

తమ్ముడు: అభ్యర్థులు ఎక్కువైతే డ్రమ్ములు ఎక్కడ పెడతారు?

అక్క: ఆ చిక్కు ఉంది. 2021లో ఆరుగురే కాబట్టి ఆరు డ్రమ్ములతో సరిపోయింది. అదే మన నల్గొండ అయితే? 1996లో ఒక్క లోక్‌సభ సీటుకు 480 మంది నిలబడ్డారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోతున్నా పట్టించుకునే నాథుడు లేడని జనం మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది. పోలింగే వాయిదా వేయాల్సి వచ్చింది.

తమ్ముడు: దేశమంతా నల్గొండ వైపు చూసి ఉంటుంది.

అక్క: చూసింది. ఆ ఏడాదే లోక్‌సభకు డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. నల్గొండ పల్లెలకు మంచినీళ్లు రావడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్లు పట్టింది.