ఫిబ్రవరి జిగురు

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీదున్నవి గాలిపటం పుల్లలు కావు. ఇందాక కాఫీ దగ్గర ఒక పెద్దాయన అలాగే అడిగారు. ఆయన తప్పేం లేదు, చూస్తే అలాగే ఉంటాయి మరి. ఇవి విమానం రెక్కలో ఉండే పక్కటెముకలు. మేం రిబ్బులంటాం. ఐదడుగుల పొడవున్నా రెండు సెల్‌ఫోన్లంత బరువు కూడా ఉండవు. మీ చేతికిస్తాను, కాసేపు ఆగండి.

మన విస్కాన్సిన్‌కి పక్క రాష్ట్రం మిన్నెసోటాలో చెర్రీ గ్రోవ్ అని చిన్న ఊరుంది. అక్కడ బెర్నార్డ్ పీటెన్‌పోల్ అనే ఆయన 1920ల చివర్లో సొంతంగా చెక్కతో విమానం చేసుకుని, దానికి ఫోర్డ్ మోడల్ ఎ కారు ఇంజను బిగించి ఎగరేశాడు. దాని పేరు ఎయిర్ క్యాంపర్. ఇద్దరు ఒకరి వెనక ఒకరు కూర్చుంటారు, రెక్క గొడుగులాగా తలపైన ఉంటుంది. ఆ కొస నుంచి ఈ కొసకి దాదాపు 29 అడుగులు. 1930ల మొదట్లో దాని ప్లాన్లు పత్రికలో అచ్చయ్యాయి. వాటిని పట్టుకుని జనం ఇప్పటికీ గరాజుల్లో కట్టుకుంటూనే ఉన్నారు. ఏటా జూలైలో, ఓష్‌కోష్ విమానాల సంబరానికి ముందు, ఇక్కడికి దగ్గర్లోనే బ్రాడ్‌హెడ్ గడ్డి రన్‌వే మీద ఇవన్నీ వచ్చి వాలతాయి. పిల్లల్ని తీసుకెళ్ళండి, టికెట్ పెట్టి సినిమాకి వెళ్ళేకంటే నయం.

నేను కొన్నది మొత్తం విమానం కాదు. రెండు రెక్కలు, నాలుగు పెట్టెల సామాను, అంతే. కట్టడం మొదలుపెట్టినాయన పోయారు. పశువుల కొట్టంలో దూలాలకి వేలాడగట్టిన రెక్కలు ముప్పై ఏళ్ళకి పైగా అలాగే ఉండిపోయాయి. గుడ్డ ఇంకా తొడగలేదు కాబట్టి లోపలి పనంతా కనబడుతోంది. ఏం పనండీ అది! పుల్లలు కలిసే చోట అతికిన ప్రతి ప్లైవుడ్ బిళ్ళ అంచూ చక్కగా చిత్రిక పట్టి ఉంది. ప్రతి రిబ్బు మీదా పెన్సిలుతో తేదీ వేసి ఉంది. ఎలకలు గూళ్ళు పెట్టిన చోట తప్ప నిన్న చేసినట్టున్నాయి. రెండు నెలల్లో గుడ్డ తొడిగేయొచ్చని మా ఆవిడతో చెప్పాను. అది నాలుగేళ్ళ కిందటి మాట.

తెనాలి దగ్గర మా ఊళ్ళో నాన్న వడ్రంగం చేసేవారు. వీడియోకాల్లో చూపిస్తే మొదట అడిగింది, "మేకులేవిరా?" అని.

"ఉన్నాయి నాన్నా, చీమ తలకాయంత. జిగురు ఆరేదాకా పట్టుకోడానికే అవి."

"అంటే జిగురు మీద ఎగురుతావన్నమాట."

అన్నమాటే. చెక్క రెక్కలో చెక్కని చూసి మురిసిపోతాం గానీ ప్రాణాలు నిలబెట్టేది జిగురు. 1931 మార్చి 31న కాన్సాస్‌లో ఒక ఫోకర్ ఎఫ్-10 విమానం రెక్క గాలిలోనే విరిగింది. లోపలున్న ఎనిమిది మందీ పోయారు. వాళ్ళలో నోటర్ డేమ్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్ క్నూట్ రాక్నీ ఉండబట్టి దేశమంతా అట్టుడికిపోయింది. తేమకి లోపల జిగురు వదిలిందన్న అనుమానం వచ్చింది. చెక్క రెక్కల విమానాల్ని విప్పి చూడమన్నారు, ఎయిర్‌లైన్లు లోహం వైపు తిరిగాయి. మన దేశంలో కూడా 1944లో బ్రిటిష్ వాళ్ళ మస్కిటో విమానాల రెక్కలు విరుగుతుంటే కొన్నాళ్ళు వాటిని ఎగరనివ్వలేదు. అవీ చెక్కవే. వానాకాలంలో తలుపులు బిగుసుకుపోయే దేశం కదా మనది.

పాత జిగురుని పైనుంచి చూసి ఏం చెప్పగలం? నాణెంతో తట్టి వినొచ్చు, సన్న బ్లేడు దూరుతుందేమో చూడొచ్చు. అంతకంటే ఎక్కువ తెలియాలంటే విరగ్గొట్టాల్సిందే. ఎంత ముచ్చటైన రిబ్బునైనా సరే.

ఆ నాలుగు పెట్టెల్లో ఒక కాఫీ డబ్బా ఉంది. నిండా అగ్గిపెట్టెంత చెక్క ముక్కలు, రెండేసి అతికించినవి. చెత్త అనుకుని పారేయబోయాను. అప్పుడే ఈఏఏ, అంటే సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ళ సంఘం, తరఫున సాయానికి వచ్చే వాలంటీరు, మేం టెక్నికల్ కౌన్సెలర్ అంటాం, నా చేతిలోంచి లాక్కున్నంత పని చేశాడు. జిగురు కలిపిన ప్రతిసారీ అదే జిగురుతో రెండు ముక్కలు అతికించి పక్కన పెట్టుకోవాలి, మర్నాడు విరిచి చూడాలి. ఇది ఈ పనిలో పాత పద్ధతి. ఈయన ఒకటి విరిచి, ఒకటి దాచినట్టున్నాడు. దాచినవి రెక్కలతో పాటే అదే కొట్టంలో ముసలివయ్యాయి. ఇంతకంటే మంచి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

31 ముక్కలు. ఒక్కొక్కటీ వైస్‌లో బిగించి సుత్తితో కొట్టాను. జూలై తేదీ ఉన్నది విరిగితే చెక్కే చీలింది, అతుకుకి రెండు వైపులా పీచు లేచి ఉంది. అంటే జిగురు చెక్కకంటే గట్టిది, అదే కావాలి మనకి. ఫిబ్రవరి ముక్క టిక్కుమని ఊడింది. లోపల నున్నగా, ముదిరిన బెల్లం పాకం పెచ్చులా ఉంది జిగురు. ఒక్క పీచు కూడా లేవలేదు. అలా ఊడినవి తొమ్మిది. తేదీలు వరసలో పేరిస్తే అన్నీ నవంబరు, మార్చి మధ్యవే.

జిగురు డబ్బా మీద చూస్తే అది యూరియా జిగురు. 70 డిగ్రీల ఫారన్‌హీట్‌కి తగ్గకుండా ఆరాలి. మన విస్కాన్సిన్ గరాజులో ఫిబ్రవరి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. కొత్తలో ఆ అతుకులు కూడా పట్టే ఉంటాయి, లేకపోతే అంత జాగ్రత్త మనిషి వాటిని ఉంచడు. చలికాలం ముక్కల్లో గట్టిగా నిలిచినవీ కొన్ని ఉన్నాయి, ఆ రోజు హీటర్ పెట్టుకున్నాడో ఏమో. నేను మాత్రం చలికాలం తేదీ ఉన్న రిబ్బులన్నీ తీసేశాను. కొత్తవి ఎపాక్సీతో, బేస్‌మెంట్లో, పక్కన థర్మామీటర్ పెట్టుకుని అతికిస్తున్నాను.

రిబ్బులు పోతే పోయాయి. వెనక దూలం, స్పార్ అంటాం, అది తీసెయ్యడానికి మాత్రం మనసొప్పలేదు. సిట్కా స్ప్రూస్, పసిఫిక్ తీరం చెట్టు. అంగుళానికి కనీసం ఆరు వలయాలుండాలి అంటారు, దీనికి పద్నాలుగు లెక్కపెట్టాను. ఈ కొస నుంచి ఆ కొసకి గీత గీసినట్టు పోతుంది పీచు. కానీ స్ట్రట్, అంటే రెక్కకి కిందనుంచి ఊతమిచ్చే కమ్మీ, దాని బోల్టులు పట్టే చోట, ఎలక గూడు కింద, నల్లటి మచ్చ. గుచ్చి చూస్తే మొన లోపలికి దిగింది, చెక్క కుళ్ళింది. అతుకు వేయొచ్చు కదా అంటారు. అంగుళం మందానికి పది పన్నెండు అంగుళాల వాలు కోసి అతకొచ్చు, ఆ పద్ధతి ఉంది. స్ట్రట్ ఫిట్టింగు కింద మాత్రం అతుకు పనికిరాదు, నిబంధన ఒప్పుకోదు. మూడు వారాలు దాని చుట్టూ తిరిగి, చివరికి కొత్త చెక్క ఆర్డరు పెట్టాను. ధర మా ఆవిడ ఇక్కడే ఉంది కాబట్టి చెప్పను.

మధ్యలో ఒకరు అడిగారు, వేరే ఆయన కట్టింది మీదెలా అవుతుందని. విమానంలో సగానికి పైగా పని చదువు కోసమో సరదా కోసమో చేసేవాళ్ళు కట్టి ఉండాలని అమెరికా విమానయాన శాఖ ఎఫ్‌ఏఏ నిబంధన. 51 శాతం అంటుంటాం. ఒక్కరే కట్టాలని లేదు. కాకపోతే ఎవరు ఏం చేశారో కాగితం, ఫోటోలు ఉండాలి. అందుకని ఆయన పెన్సిల్ తేదీలన్నీ ఫోటో తీశాకే రిబ్బులు విప్పాను.

ఇప్పటికి ఎడమ రెక్క పూర్తయింది. కుడి రెక్క సగంలో ఉంది.

సరే, ముందు వరసలో పిల్లలు ఇలా రండి. నీ పేరేంటమ్మా? ఇదిగో, ఇది జూన్ రిబ్బు, ఇది జనవరి రిబ్బు. ఏది ఏదో చెప్పను, తేదీలు నా బొటనవేలి కింద ఉన్నాయి. కళ్ళద్దాలు పెట్టుకో. ఈ బిళ్ళని పట్టుకుని మెలితిప్పు. గట్టిగా. ఊఁ, ఇంకా గట్టిగా.