ఇంగ్లిష్ ప్రాసపదాలను చెవితో వెతకడం

(తెరపై: ఆర్.కె. బీచ్. కింద ‘బీచ్’ అనే మాట.)

నమస్కారం. ఇంగ్లిష్‌లో పాటో పద్యమో రాయాలనుకునే మన విశాఖ విద్యార్థులకు ప్రాసపదాలు వెతకడమే మొదటి చిక్కు. మన పద్యంలో ప్రాస పాదంలోని రెండవ అక్షరం మీద నడుస్తుంది. ఇంగ్లిష్ ప్రాస పదం చివర ఉంటుంది. అలాగని అది మన అంత్యప్రాస వంటిదే అనుకోకూడదు. పదంలో ఏ అచ్చును ఒత్తి పలుకుతారో ఆ అచ్చు మొదలుకొని చివరి వరకు ధ్వని ఒకటే కావాలి, దానికి ముందున్న హల్లు మాత్రం మారాలి.

‘ఓషన్’, ‘స్టేషన్’ మన చెవికి చక్కగా కలిసినట్టే ఉంటాయి. కానీ ఒత్తు పడేది ఒకదానిలో ‘ఓ’ మీద, మరొకదానిలో ‘ఏ’ మీద కనుక అవి పూర్తి ప్రాస కావు. ‘ఓషన్’కు ‘మోషన్’, ‘డివోషన్’ కుదురుతాయి. ‘స్టేషన్’కు ‘నేషన్’, ‘డొనేషన్’.

(తెరపై: ‘బ’ చెరిగి ‘ఈచ్’ మిగులుతుంది.)

మిగిలిన ఈ ధ్వనికి ఒక్కొక్క హల్లు చేర్చి పైకి పలకండి: పీచ్, టీచ్, రీచ్. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. జంట హల్లులు కూడా చేర్చితే ప్రీచ్, బ్లీచ్, స్పీచ్ వస్తాయి; స్పెల్లింగు చూసి వెతికేవారికి ‘స్పీచ్’ తట్టనే తట్టదు.

(తెరపై: ‘వార్డు సచివాలయం’ బోర్డు.)

‘వార్డు’, ‘కార్డు’ తెలుగు లిపిలో కవలల్లా కనిపిస్తాయి. ఇంగ్లిష్ స్పెల్లింగులోనూ తొలి అక్షరం తప్ప తేడా లేదు. అయినా ఇంగ్లిష్‌లో వాటికి ప్రాస కుదరదు. ‘డబ్ల్యూ’ పలికేటప్పుడు పెదవులు గుండ్రమవుతాయి, ఆ ప్రభావం వల్ల తరువాతి అచ్చు ‘ఆ’ నుంచి ‘ఓ’ వైపు జరిగింది; ‘వార్’, ‘వార్మ్’ మాటల్లోనూ జరిగింది ఇదే. కాబట్టి ‘వార్డు’కు ప్రాస ‘లార్డ్’, ఆ మాటను మోస్తున్న ‘బోర్డు’ కూడా.

కంప్యూటరుతో వెతకదలచినవారికి అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారి ఉచ్చారణ నిఘంటువు ఎంతో ఉపకరిస్తుంది. లక్షకు పైగా పదాలున్న అందులో ప్రతి అచ్చు పక్కన ఒత్తును తెలిపే 0, 1, 2 అంకెలుంటాయి. 1 ఉన్న అచ్చు నుంచి చివరి దాకా సరిపోల్చితే చాలు. అయితే అది అమెరికన్ ఉచ్చారణ. మనం ‘క్లర్కు’ అనే మాట అక్కడ ‘వర్క్’తో ప్రాస కలుపుతుంది, బ్రిటిష్ పలుకులో ‘పార్క్’తో కలుపుతుంది, ఏ ఉచ్చారణలో రాస్తున్నారో ముందే నిర్ణయించుకుని వెతకండి.